ఎవరి వైపు నుంచి

పెళ్ళయ్యాక నేను మొట్టమొదట నేర్చుకున్న విద్య టీ పోయడం. అప్పటికే నా దగ్గర జీవశాస్త్రంలో పట్టా ఉంది, అల్మాటీ నగరంలో ఒక పరిశోధనశాలలో ఉద్యోగం ఉంది, చుక్కలో వందో వంతు ద్రవాన్ని చెయ్యి వణక్కుండా గొట్టంలోంచి తీయగలిగే నేర్పు ఉంది. నీళ్ళు మరిగే సమోవార్ ముందు కూర్చున్నాక అవేవీ పనికిరాలేదు. ముందు పాలు, తర్వాత చిక్కటి డికాషన్, ఆ పైన మరుగుతున్న నీళ్ళు. అన్నీ కలిపి గిన్నెలో సగానికి మించకూడదు. కొంచెం కొంచెంగా పోస్తూ ఉంటే ఎదుటి మనిషి ఇంకాసేపు కూర్చోవాలని మనం కోరుకుంటున్నట్టు. అంచుదాకా నింపితే, తాగేసి వెళ్ళిరమ్మన్నట్టు.

నేను మొదటిసారే, ప్రేమ ఎక్కువై, మా ఆయన పెద్ద మేనత్తకి అంచుదాకా పోశాను.

ఆవిడ గిన్నె వైపు చూసి, నా వైపు చూసి, "ఇంకా చెప్పులైనా ఆరలేదమ్మాయ్, అప్పుడే పంపించేస్తావా?" అంది. ఎల్దోస్ పడీపడీ నవ్వాడు. మా ఆయన లిఫ్టులు బాగుచేస్తాడు; పైకి వెళ్ళాల్సినవి కిందికి వచ్చినా, కిందికి రావాల్సినవి మధ్యలో ఆగినా ఆయనకి నవ్వే. నేనూ నవ్వాను. ఆ రోజుల్లో నాకు అన్నిటికీ నవ్వు వచ్చేది. వంటింటి కిటికీలోంచి మంచుకొండలు కనబడినందుకు, నా కొత్త ఇంటిచెప్పులకి ఎర్ర ఊలు బంతులు ఉన్నందుకు, పొద్దున్నే కోటు జేబులో చెయ్యి పెడితే ఎల్దోస్ దాచిన ఆపిల్ పండు చల్లగా తగిలినందుకు.

అత్తగారు మాత్రం నవ్వలేదు. కోప్పడనూ లేదు. నా చేతిలోంచి గిన్నె తీసుకుని, సగం పారబోసి, మళ్ళీ మేనత్తగారి ముందు పెట్టారు. ఆవిడ ముఖం ఎప్పుడూ అలాగే ఉండేది. మంచులో తొడుగుల్లేకుండా తిరిగొచ్చాక వేళ్ళు ఉన్నాయో లేదో కాసేపు తెలియదు చూడండి, అలా.

మా వైపు కోడళ్ళు భర్త తరఫు పెద్దవాళ్ళ పేర్లు పలకకూడదు. ఒక్కొక్కరికీ ఏదో ఒక ముద్దుపేరు పెట్టుకుని పిలుస్తాం. రాయడానికి అడ్డు లేదని నేనే తీర్పు చెప్పుకున్నాను గనక రాస్తున్నాను: మా ఆడపడుచు పేరు సందుగాష్. అంటే పాట పాడే పిట్ట. ముక్కుతో మాట్లాడే మనిషికి ఆ పేరు. నేనామెను "చక్కనమ్మా" అని పిలుస్తాను.

"నా మొహం చూసే పెట్టావా, చూడకుండా పెట్టావా?" అని అడిగింది మొదటి రోజే.

"చూసే పెట్టాను చక్కనమ్మా."

"అయితే కళ్ళద్దాలు మార్పించుకో."

ఆమెకి ముప్పై దాటాయి. కాలేజీలో చేరిన ఏడాది, వంటింట్లో ఉన్న రేడియో తన గురించే మాట్లాడుతోందని ఆమెకి తెలిసిపోయింది. మిగతావాళ్ళెవరికీ తెలియకపోవడం ఆమెకి వింతగా ఉండేదట. తర్వాత ఆసుపత్రులు, మందులు మార్చడాలు, చివరికి ఒక తెల్ల మాత్ర. ఆ మాత్ర వేసుకునేవాళ్ళకి నెలనెలా రక్తం తీసి తెల్లకణాలు లెక్కపెట్టాలి. రేడియో ఊరుకుంది. దాంతోపాటు చాలా ఊరుకున్నాయి. "నాకు ఏడుపు రాదు," అని ఒకరోజు ఉల్లిపాయలు తరుగుతూ మామూలుగా చెప్పింది. "చూడు, వీటికి కూడా రావడం లేదు. నువ్వేమో పోపు వాసనకే మురిసిపోతావు. మనిద్దర్నీ కలిపి రెండుగా కోస్తే ఇద్దరు మామూలు మనుషులు వస్తారు."

నేను పని చేసేది సరిగ్గా ఆ జబ్బు మీదే. జబ్బు పడ్డ బిడ్డ, తల్లి, తండ్రి, ముగ్గురి రక్తం తీసుకుని, అందులోని జన్యువులు చదివి, బిడ్డలో ఏం తేడా ఉందో, అది ఎక్కడినుంచి వచ్చిందో వెతుకుతాం. పెళ్ళిచూపుల్లో ఎల్దోస్ ఈ మాట విని, "మా అక్కకి కూడా అదే," అని వెంటనే చెప్పేశాడు. దాచలేదు. నాకు అతను నచ్చింది ఆ నిమిషంలోనే.

మేనత్తగారు ఆదివారం ఆదివారం వచ్చేది. మామగారి కన్నా పెద్దది, ఆయన్ని ఎత్తుకుని పెంచిన అక్క. ఇంట్లో ఆవిడ మాటకి ఎదురు లేదు. సందుగాష్ టీ తాగి తన గదిలోకి వెళ్ళగానే ఆవిడ నిట్టూర్చేది.

"ఏం చేస్తాం. మనిషి మంచితనమంతా మేనమామ పోలిక అన్నారు పెద్దలు. మరి మంచి ఒక్కటే వస్తుందా అటునుంచి? ఆ గొంతు చూడండి. అచ్చం కెంజెబెక్ గొంతు. పాపం, అతనూ ముక్కుతోనే మాట్లాడేవాడు. అతని చావు కూడా ఏం చావు! తాగి మంచులో పడుకోవడం. మతి ఉన్నవాడు పడుకుంటాడా?"

కెంజెబెక్ మా అత్తగారి తమ్ముడు. అత్తగారు తలెత్తకుండా ఆవిడ ఖాళీ గిన్నె అందుకుని నాకిచ్చారు. నేను సగం పోశాను. మామగారు గోడమీది తివాచీ వంక చూస్తూ కూర్చున్నారు. ఆయన మాట తక్కువ మనిషి. తన ఏడుగురు తాతముత్తాతల పేర్లు మాత్రం ఊపిరి తీసుకోకుండా చెప్పగలరు. మా వైపు మగవాడికి అది రాకపోతే అనాథ కింద లెక్క.

ఆ రోజు గిన్నెలు కడుగుతుంటే నేను ఉండబట్టలేక అత్తగారిని అడిగాను. ఆవిడ్ని పిల్లలతోపాటు నేనూ ఆపా అనే పిలుస్తాను. "ఆపా, మీ తమ్ముడు నిజంగా ముక్కుతో మాట్లాడేవారా?"

"గుర్రం తన్నింది," అన్నారు అత్తగారు. "పన్నెండేళ్ళప్పుడు. ముక్కు విరిగిపోయింది. అంతకుముందు వాడి గొంతు గంటలా ఉండేది."

"మరి ఆ మాట ఆవిడకి చెప్పొచ్చు కదా?"

"చెప్పా."

"ఏమందీ?"

"ఆ గుర్రం కూడా మీ వైపుదే కదా, అంది."

నేను ఫక్కున నవ్వి, ఆవిడ ముఖం చూసి ఆపేశాను. ఆవిడ జోకు చెప్పలేదు. జరిగింది చెప్పారంతే. సందుగాష్ జబ్బుపడినప్పటినుంచీ చుట్టాలందరి దగ్గరా ఇదే మాట, పెళ్ళిళ్ళలో, చావుల్లో. అత్తగారికి తెలియకుండా ఎవరూ అనరు. ఆవిడ ఎదురుగానే, జాలిపడుతూ అంటారు.

అప్పుడే నాకు ఆ ఆలోచన వచ్చింది. ఎంత సంబరపడ్డానంటే చేతుల్లో సబ్బునురగతోనే ఆవిడ ముందుకొచ్చి నిలబడ్డాను. "ఆపా, మీరు ముగ్గురూ మా పరిశోధనకి రక్తం ఇవ్వండి. ఎవరి వైపు నుంచో తేలిపోతుంది. ఇంక ఎవరూ నోరెత్తరు."

"వద్దు," అన్నారు ఆవిడ.

"ఎందుకని?"

"మీ కాగితాల్లో కూడా రాస్తారు నావల్లేనని. ఇప్పుడు నోటితో అంటున్నారు. అప్పుడు ముద్ర వేసి అంటారు."

"అలా ఉండదు ఆపా! ఈ జబ్బుకి కారణమయ్యే చిన్న చిన్న తేడాలు వందలు ఉంటాయి. అటు కొన్ని, ఇటు కొన్ని. నాలోనూ ఉంటాయి. ఎవరో ఒక్కరు తెచ్చిపెట్టేది కాదిది."

"వందలా?"

"వందలు."

ఆవిడ గిన్నె తుడిచి బోర్లించారు. "అయితే మా వైపువే ఎక్కువ ఉంటాయి."

ఆవిడ్ని ఒప్పించింది నేను కాదు. సందుగాష్. ఒకరోజు అత్తగారు నూడుల్స్ కోసం పిండి ఒత్తుతుంటే వచ్చి బల్ల మీద మోచేతులు ఆనించింది. "ఆపా, నా చేతులు చూడు, జల్లెడలా అయ్యాయి. నెలనెలా ఇస్తున్నాను కదా. నువ్వు ఒక్కసారి ఇవ్వలేవా? నాకూ తెలుసుకోవాలనుంది."

"ఏం తెలుసుకుంటావు?"

"ఏదో ఒకటి. ఇంత రక్తం పోశాను, ఒక్కరూ నాకేమీ చెప్పలేదు."

అత్తగారు పిండిని మడిచి కోయడం మొదలుపెట్టారు. కోస్తూ కోస్తూ, "సరే," అన్నారు.

సొంతవాళ్ళ రక్తం మేం ముట్టుకోకూడదు, ప్రశ్నలు అడగకూడదు. అందుకని మా పరిశోధనశాల పెద్ద రౌషన్ సమతోవ్నా గారే ఇంటికి వచ్చారు. బూట్లు విప్పుతూనే, "జౌరె, నీ పని టీ పోయడం. నోరు మూసుకుని పోస్తూ ఉండు," అన్నారు నాతో. తర్వాత ఒక పెద్ద కాగితం పరిచి మగవాళ్ళకి చతురస్రాలు, ఆడవాళ్ళకి సున్నాలు గీయడం మొదలుపెట్టారు.

మామగారు ఆ రోజు ఇస్త్రీ చొక్కా వేసుకున్నారు. వీపు నిటారుగా పెట్టి ఏడు పేర్లూ గడగడా చెప్పేశారు. ఏడు చతురస్రాలు నిచ్చెన మెట్లలా పైకి వెళ్ళాయి. ఎవరికీ జబ్బు లేదు, ఎవరికీ మతి పోలేదు, ఒక్కొక్కరూ ఒక్కో కొండ.

"బాగుంది," అన్నారు రౌషన్ గారు. "మీ అమ్మగారి పేరు?"

మామగారు నోరు తెరిచి, ఆగి, "ఇంట్లో అందరం పెద్దావిడ అనేవాళ్ళం," అన్నారు. కాసేపటికి పేరు గుర్తొచ్చింది. నాయనమ్మ పేరు మాత్రం రాలేదు. "ఆడవాళ్ళు కూడా కావాలా ఇందులో?"

"మీరు సగం అక్కడినుంచే వచ్చారండీ."

"ఆతా, ఎప్పుడూ ఎవరూ చెప్పలేదా నీకు?" అంది సందుగాష్ తండ్రితో.

అత్తగారి వంతు వచ్చింది. ఆవిడ తన అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, ఆవిడ అక్కచెల్లెళ్ళ పేర్లు అన్నీ చెప్పారు, కూరగాయల పేర్లు చెప్పినంత చప్పగా. తమ్ముడి దగ్గరికి వచ్చేసరికి మాత్రం కాగితం మీద వేలు పెట్టారు. "వీడి ముక్కు గుర్రం తన్ని విరిగింది. అది రాయండి."

"దాంతో మాకు పని ఉండకపోవచ్చు..."

"రాయండి."

రౌషన్ గారు ఆవిడ వంక ఒక్క క్షణం చూసి, చతురస్రం పక్కన శుభ్రంగా రాశారు: గుర్రం తన్నింది.

చివర్లో సందుగాష్‌ని అడిగారు. "మామూలుగా ఫలితాలు ఎవరికీ చెప్పం. కానీ మీ ఆరోగ్యానికి పనికొచ్చేది, పెద్దది ఏదైనా కనబడితే చెప్పమంటారా?"

"చెప్పండి. చిన్నదైతే మీరే ఉంచుకోండి."

చలికాలం గడిచింది. నేను వేరేవాళ్ళ గొట్టాలతో, సంకేత సంఖ్యలతో పని చేసుకుంటూ, మధ్యాహ్నం జేబులోని ఆపిల్ తింటూ, ఆ సంఖ్యల్లో ఏవి మావాళ్ళవో అని ఊహించకుండా ఉండటానికి ప్రయత్నించేదాన్ని. ఆపిల్ చెట్లు పూత వేస్తున్నప్పుడు రౌషన్ గారు నన్ను తన గదిలోకి పిలిచారు.

"మీ ఆడపడుచుని, ఆమె తల్లిదండ్రులని జన్యువైద్యుడి దగ్గరికి రమ్మంటున్నాం. ఏమిటో నీకు ముందు చెప్పను. నువ్వూ వెళ్ళు. కోడలిగా వెళ్ళు, ఉద్యోగిగా కాదు."

"భయపడాలా రౌషన్ సమతోవ్నా?"

"టీ తాగి వెళ్ళు."

ఆ వైద్యుడు మా ఎల్దోస్ కన్నా చిన్నవాడిలా ఉన్నాడు. మమ్మల్ని కూర్చోబెట్టి, ముందు సందుగాష్‌ని నోరు తెరవమని చూశాడు. తర్వాత అత్తగారివైపు తిరిగాడు. "పసిబిడ్డగా ఉన్నప్పుడు పాలు తాగితే ముక్కులోంచి వచ్చేవా?"

"వచ్చేవి," అన్నారు అత్తగారు. "నాకు పాలివ్వడం చేతకాదన్నారు."

"మీ తప్పేం లేదు. ఆమె అంగిలి వెనక కండరం బలహీనం. పాలు అందుకే వచ్చేవి. గొంతు కూడా అందుకే అలా ఉంది." అతను కాగితం మీద గీతలు గీశాడు. మన ప్రతి కణంలో జన్యువుల కట్టలు ఉంటాయి. ఇరవై రెండో కట్టలో చిన్న ముక్క ఒకటి ఈమెకి లేదు. ఆ ముక్క లేనివాళ్ళకి ఈ జబ్బు వచ్చే అవకాశం మామూలు కంటే చాలా ఎక్కువ. అందరికీ రావాలని లేదు, ఇదొక్కటే కారణమనీ కాదు. కానీ పెద్ద కారణం. కాల్షియం తగ్గుతుంది, గుండె కూడా ఒకసారి చూడాలి. అందుకే పిలిచాం.

"ఎవరి వైపు నుంచి?" అన్నారు అత్తగారు.

"ఎవరి వైపు నుంచీ కాదమ్మా. మీలో ఆ ముక్క సరిగ్గానే ఉంది. మీవారిలోనూ సరిగ్గానే ఉంది. ఈమె పుట్టుక దగ్గర కొత్తగా జారిపోయింది. ఊలు అల్లుతుంటే ఒక్కోసారి ఒక కుట్టు జారుతుంది కదా, అలా."

నా గుండె ఎగిరి గంతేసింది. నేను అత్తగారి చెయ్యి పట్టుకున్నాను. ఆ చెయ్యి నా చేతిలో ఉంది, అంతే.

"ఎవరి వైపు నుంచి?" అన్నారు ఆవిడ మళ్ళీ.

"అదేనమ్మా చెప్తున్నది, ఎవరి..."

"ఎవరో ఒకరి వైపు నుంచి రావాలి కదా. ఆకాశం నుంచి ఊడిపడదు."

"ఊడిపడిందనే అనుకోండి."

మామగారు ఒళ్ళో పెట్టుకున్న టోపీని చుట్టూ తిప్పుతున్నారు. సందుగాష్ కాగితం తన వైపు లాక్కుని ఆ గీతని చాలాసేపు చూసింది.

"అయితే మా వంశంలో దీనికి నేనే మొదటిదాన్నా?"

"ఈ ముక్క విషయంలో, అవును."

"విన్నావా ఆతా? ఏడుగురి తర్వాత నన్ను కూడా చెప్పుకో."

ఇంటికి వచ్చేటప్పుడు బస్సులో అత్తగారి పక్కనే కూర్చున్నాను. ఆగలేకపోయాను. "చూశారా ఆపా, మీ వైపు కాదు! మీ తమ్ముడూ కాదు, ఆ గుర్రమూ కాదు. ఇన్నేళ్ళూ ఊరికే అన్నారు మిమ్మల్ని."

"ఊఁ."

"మీకు సంతోషంగా లేదా?"

ఆవిడ కిటికీలోంచి బయటికి చూస్తూ ఆలోచించారు. జేబులు తడుముకుని చిల్లర ఉందో లేదో చూసుకునే మనిషిలా ఆలోచించారు. "అయితే ఎల్దోస్‌కి లేదు. నీ పిల్లలకి రాదు," అన్నారు. "అది మంచిదే. మన స్టాపు వస్తోంది, లే."

నేను దార్లో తేనె కేకు కొన్నాను. అత్తగారు దాన్ని ఐదు సమాన ముక్కలు చేసి, తన ముక్క ఆఖరి పొడిదాకా తిన్నారు.

"ఎలా ఉంది ఆపా?"

"తీపిగా ఉంది."

ఎల్దోస్ నా పక్కకి జరిగి చెవిలో, "అమ్మకి అర్థం కాలేదేమో?" అన్నాడు. అర్థమైందని నాకు తెలుసు. మర్నాడు పిండి ఒత్తుతూ ఆవిడ అడిగిన ప్రశ్న మా పరిశోధనశాలలో కొత్తగా చేరినవాళ్ళు కూడా అంత చప్పున అడగరు.

"జారిందన్నాడు కదా. జారడానికి ఒక చెయ్యి ఉండాలి. నా దాంట్లో జారిందా, ఆయన దాంట్లోనా?"

నేను పాలు మరిగిస్తున్నాను. పొంగకుండా గరిట తిప్పుతూ ఉండిపోయాను. ముగ్గురి రక్తమూ ఉంది. ఆ కట్ట తల్లి ఇచ్చిందో తండ్రి ఇచ్చిందో పోల్చి చూస్తే తెలుస్తుంది. పెద్ద పని కాదు. ఎవరికీ అవసరం లేదు గనక మేం చేయలేదు.

"తెలుసుకోవచ్చు," అన్నాను. "కానీ అది తప్పు కాదు ఆపా. ఎవరికైనా జరుగుతుంది. అందులో మనం చేసేదీ లేదు, ఆపేదీ లేదు. తెలిసినా..."

"వద్దులే. నాదే అయ్యుంటుంది."

"అలా ఎందుకనుకోవాలి?"

"అలవాటయింది," అన్నారు ఆవిడ. కర్ర ముందుకి, వెనక్కి దొర్లుతోంది. "దాని పాలు, దాని గొంతు, దాని రేడియో, అన్నీ నావే అనుకున్నా. ఇప్పుడు ఏదీ నాది కాదంటే, అది నాకేమవుతుంది?"

గుమ్మంలో అలికిడై తిరిగి చూస్తే మామగారు ఖాళీ గ్లాసుతో నిలబడి ఉన్నారు. నీళ్ళు పట్టుకోకుండానే వెళ్ళిపోయారు.

ఆదివారం మేనత్తగారు వచ్చింది. కోటు విప్పుతూనే మొదలుపెట్టింది. "ఏంటి, ఫలితాలు వచ్చాయట? ఏం తేలింది? అందరూ నన్నే అడుగుతున్నారు, నాకేం తెలుసని చెప్పను?"

నేను ఆ వారమంతా దీనికోసమే తయారయ్యాను. కుట్టు జారడం, ఊలు, కొత్తగా, ఎవరి వైపూ కాదు. చిన్నపిల్లలకి అర్థమయ్యేలా వరుసగా పేర్చుకున్నాను. సమోవార్ ముందు కూర్చుని, గొంతు సవరించుకున్నాను.

"తేలింది," అన్నారు మామగారు. "నా వైపు నుంచే."

మేనత్తగారి చేతిలో రొట్టెముక్క అక్కడే ఆగింది. "ఏంటీ?"

"మన వైపు నుంచి అక్కా. నాన్న వైపు. ఏడుగురిలో ఎవరిదో. రక్తంలో కనబడింది."

"ఒరేయ్ తమ్ముడూ, మతి ఉండే మాట్లాడుతున్నావా? అలాంటివాళ్ళు మనలో ఒక్కరు లేరు!"

"లేరని నీకెలా తెలుసు? మూడో ఆయన గురించి మనకేం తెలుసు? ఐదో ఆయన గురించి? పేరొక్కటే కదా తెలిసింది."

అంత పొడవు మాట ఆయన నోట నేను అంతకుముందు వినలేదు. సందుగాష్ టీ గిన్నె పెదాల దగ్గర పెట్టుకుని, దాని మీదుగా తండ్రిని చూస్తోంది. ఎల్దోస్ నేల చూస్తున్నాడు. అత్తగారు రొట్టెల పళ్ళెం కొంచెం సర్దారు, అది సర్దాల్సినట్టు లేకపోయినా.

మేనత్తగారు నావైపు తిరిగింది. "నువ్వు చెప్పవే. చదువుకున్నదానివి, అందులోనే పని చేస్తున్నావు. నిజమేనా? మా నాన్న వైపు నుంచేనా?"

నిజం నా నాలుక చివరన ఉంది. నేను నా జీతం తీసుకునేదే ఆ నిజం కోసం. అందరూ నన్నే చూస్తున్నారు, మామగారు తప్ప. ఆయన తివాచీ వంక చూస్తున్నారు.

"మామగారి పెద్దల పేర్లు నేను ఎత్తకూడదు కదా పెద్దాపా," అన్నాను. "కోడల్ని."

ఆ కట్టుబాటు నాకు మొదట నేర్పింది ఆవిడే. ఆవిడ ఖాళీ గిన్నె ముందుకు తోసింది.

దాన్ని నేను అందుకోబోతే అత్తగారు ముందే అందుకున్నారు. నా చేతిలోంచి టీ కెటిల్ కూడా తీసుకున్నారు. అంచుదాకా పోస్తారు, ఇన్నేళ్ళకి ఇప్పుడు పోస్తారు, అనుకున్నాను. పోయాలని నేను కోరుకున్నాను కూడా.

ఆవిడ సగం పోశారు. ఎప్పటిలా, సగానికి కాస్త తక్కువ. రెండు చేతులతో మేనత్తగారి ముందు పెట్టారు.

మేనత్తగారు అది తాగింది, ఇంకోటి తాగింది, వాతావరణం గురించి మాట్లాడింది, ఎప్పుడూ వెళ్ళే వేళకే వెళ్ళింది. మేనమామ పోలిక సామెత ఆ రోజు రాలేదు.

తలుపు మూసి వచ్చాక అత్తగారు గిన్నెలు ఒకదాంట్లో ఒకటి పెడుతూ, మామగారి వంక చూడకుండా అన్నారు. "ఆ మాట మొదట్లోనే అని ఉంటే సరిపోయేది."

"అప్పుడు నాకు తెలీదు."

"ఇప్పుడూ తెలీదు కదా. అబద్ధమే చెప్పారు."

"అబద్ధమే."

"అబద్ధం అప్పుడు కూడా చెప్పొచ్చు."

మామగారు చేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని కూర్చున్నారు. అత్తగారు కోపంగా అనలేదు, ఏడుస్తూ అనలేదు. ఉప్పు తక్కువైందని చెప్పినట్టు చెప్పి గిన్నెలు తీసుకుని వంటింట్లోకి వెళ్ళారు. నేను తుడిచే గుడ్డ తీసుకుని వెనకే వెళ్ళాను. సందుగాష్ వచ్చి గుమ్మానికి ఆనుకుంది.

"ఆపా," అంది, ముక్కు గొంతుతో, "నువ్వు గానీ నా మాత్ర వేసుకున్నావా?"

నేను నవ్వాలో వద్దో తెలియక గుడ్డ నోటికి అడ్డం పెట్టుకున్నాను. అత్తగారు మాత్రం ఆ ప్రశ్నని నిజమైన ప్రశ్నలాగే తీసుకున్నారు. కుళాయి కట్టేసి, కాసేపు నిలబడి ఆలోచించారు.

"లేదు," అన్నారు. "వేసుకోలేదు."

"ఏమైనా అనిపిస్తోందా మరి?"

"ఇంకా లేదు."

"నాకూ లేదు," అంది సందుగాష్. "చూద్దాం."

అత్తగారు పొయ్యి మీద గోరువెచ్చగా ఉన్న పాలు ఒక గిన్నెలో సగం పోసి ఆమెకి ఇచ్చారు. "తాగు. కాల్షియం అన్నాడు కదా."

సందుగాష్ నిలబడే తాగింది. తాగి, ముక్కు కింద వేలు పెట్టి చూసుకుని, ఆ వేలు తల్లికి చూపించింది. "చూడు. ఒక్క చుక్క కూడా రాలేదు."

అత్తగారు వంగి, ఆ పొడి వేలిని దగ్గరగా చూశారు. తర్వాత గిన్నె అందుకుని, ఇంకో సగం పోశారు.